కారం డబ్బాలో పొట్లం

ముస్తాక్ దారులు వెతకడం మొదలుపెట్టాక ఆ ఇంట్లో వేరే మాటే లేకుండా పోయింది. పర్చూరు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల టిక్కీ బస్తాలకు చీటీలు రాసే గుమాస్తా అతను. మక్కాకి, ఉమ్రా యాత్రకి వెళ్దామని భార్య అర్ఫా నోరు తెరిచి అడిగిన రోజు నుంచి రెండు నెలలపాటు ఫోను కింద పెట్టలేదు. హైదరాబాదు నుంచి జిద్దాకి నేరుగా విమానం ఉంది. దాని ధర చూసి, "మనల్ని మోసుకెళ్ళడానికా, కొనుక్కోవడానికా?" అని మండిపడ్డాడు.

ఎట్టకేలకు అతనికి నచ్చిన దారి దొరికింది. మస్కట్‌కి చవక టిక్కెట్టు మీద విమానం. అక్కణ్ణించి దుబాయికి బస్సు. దుబాయిలో పిన్ని కొడుకు ఇంట్లో రెండు రోజులు. మళ్ళీ బస్సులో రియాద్, అక్కణ్ణించి మదీనా, మక్కా.

"మూడు దేశాలు చూసినట్టూ ఉంటుంది, ఖర్చు సగానికి సగం తగ్గినట్టూ ఉంటుంది, ఏమంటావ్ అత్తా?" అన్నాడు.

అత్త రహిమున్నీసాకి పర్చూరు సెంటర్లో కారం మిల్లుంది. భర్త పోయాక పద్దెనిమిదేళ్ళుగా ఒంటిచేత్తో నడుపుతోంది. ఆమె మసాలా లేనిదే ఆ చుట్టుపక్కల పెళ్ళిలో వేటమాంసం ఉడకదని పేరు. ఆ పేరంటే ఆమెకి కూతురంత ఇష్టం. అల్లుడి మాటకి ఆమె మామూలుగానైతే సవాలక్ష వంకలు పెట్టేదే. కానీ అదే సమయానికి ఇమాం హుస్సేన్ వచ్చి అడ్డుపడ్డాడు, దాంతో ఆమె అల్లుడి పక్షం అయిపోయింది.

ఇమాం హుస్సేన్ పదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళని గుంపుగా ఉమ్రాకి తీసుకెళ్ళే మనిషి. బయల్దేరే ముందురోజు అందరి సంచులూ తన వరండాలో బోర్లించి, ఒక్కో వస్తువూ చూసి, పనికిరానివి పక్కన పడేస్తాడు. రెండేళ్ళ కిందట రహిమున్నీసా తానే వెళ్ళినప్పుడు ఆమె గోంగూర పచ్చడి జాడీ పైకెత్తి, "ఇది కారితే విమానమంతా కంపు అక్కా" అన్నాడు. ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమె ఇంకా మర్చిపోలేదు.

"నేరుగా పోతే తనిఖీ ఒక్కచోటే అక్కా. బస్సులో అయితే సరిహద్దు వచ్చినప్పుడల్లా దిగాలి, సంచి విప్పాలి. మనవాళ్ళకి భాష రాదు. పిల్లల్ని నాతో పంపించు," అన్నాడు ఇమాం హుస్సేన్.

"నా కూతురు సంచి నువ్వు ఊరందరి ముందూ విప్పక్కర్లేదులే తమ్ముడూ. సర్దడం నాకు వచ్చు," అంది రహిమున్నీసా.

నిజంగానే ఆమె సర్దడంలో దిట్ట. బయటి తిండి పడక పిల్లలు నీరసపడతారని రెండు కిలోల స్టీలు డబ్బా నిండా కొత్త కారం పోసింది. గసగసాలు ముందే నూరితే కనరు వాసన కొడతాయి, అప్పటికప్పుడు నూరుకుంటేనే కూరకి చిక్కదనం. అందుకని పావుకిలో గసగసాలు గింజలుగానే ఉంచి, గుడ్డలో మూటకట్టి, మూట చుట్టూ దారంతో కుట్టేసి, కారం మధ్యలోకి దూర్చింది. పైన మళ్ళీ కారం పోసి అదిమింది. కారంలో పెడితే పురుగు పట్టదు, చెమ్మ చేరదు. ఇది వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. ఆమె చేసిన పాపమల్లా అంతే.

పిల్లలు బయల్దేరిన మూడో రోజు పొద్దున అర్ఫా గొంతు రికార్డు చేసి పంపింది. మస్కట్‌లో సంచులు విప్పకుండానే వదిలేశారనీ, బస్సెక్కామనీ, సీట్లు బాగున్నాయనీ, కిటికీలోంచి కొండలు తప్ప చెట్టన్నది కనపడటం లేదనీ. వెనక ముస్తాక్ నవ్వు వినపడింది. రహిమున్నీసా అది రెండుసార్లు విని, మిల్లు ముందు కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళ మీద అరవడంలో పడిపోయింది. ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఇమాం హుస్సేన్ వచ్చాడు. చేతిలో మూడు పొట్లాలు.

"రేపు మా గుంపు బయల్దేరుతోంది అక్కా. ఇవాళ సంచులు విప్పించాను. ముగ్గురి దగ్గర ఇవి దొరికాయి. అన్నీ నీ కొట్లో కొన్నవే. పారేయండంటే గొడవపడుతున్నారు, వాపసు తీసుకో," అన్నాడు.

ఆమె పొట్లం విప్పి చూసింది. గసగసాలు.

"వీటికేమొచ్చింది? పురుగుందా?" అని కస్సుమంది.

"సరుకు బంగారమే. అక్కడ ఇది మత్తుమందు కింద లెక్క అక్కా. గుప్పెడు దొరికినా జైలే. తెలీదంటే వినరు. దాచి తెచ్చారంటే ఇంక ఆ మనిషి మీద ఆశ వదులుకోవాల్సిందే."

రహిమున్నీసా చేతిలో పొట్లం జారి కారం గుట్ట మీద పడింది. మిల్లు మోత ఆమెకి వినపడటం మానేసింది. కారం మధ్యలో, గుడ్డ మూటలో, దారంతో కుట్టి. ఎవరు చూసినా ఏమనుకుంటారు? కుక్కలు వాసన పట్టకుండా దాచారనే కదా అనుకుంటారు. తన చేత్తో తనే కూతుర్ని పట్టిచ్చింది.

"తమ్ముడూ, నా ఫోన్లోంచి బయటి దేశానికి పోదు, నీ ఫోన్లోంచి అర్ఫాకి కలుపు. ఇప్పుడే కలుపు," అంది.

ఆమె మొహం చూసి అతను మారుమాట అడగలేదు. మస్కట్‌లో కొన్న సిమ్ము నంబరు ఆమె చీటీ మీద రాసుకుని ఉంది. మూడోసారికి కలిసింది. ఫోను లాక్కుని ఆమె మిల్లు వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"అమ్మా, ఇప్పుడెందుకు చేశావ్? సరిహద్దు దగ్గర దింపేశారు. సంచులన్నీ వరసగా పెట్టించారు. లైన్లో ఉన్నాం," అంది అర్ఫా.

"నా మాట విను. కారం డబ్బా తీసి ఎక్కడన్నా పారెయ్. అందులో గసగసాలున్నాయి. అవి ఉంటే జైల్లో వేస్తారంట."



"ఆ డబ్బా నా దగ్గర లేదమ్మా," అంది అర్ఫా. "బస్సులో ఆదెమ్మక్కని ఒకావిడ పరిచయమైంది. మన వేటపాలెమే. జీడిపప్పు ఒలిచే పని మానేసి ఇళ్ళల్లో వంటకని మస్కట్ వచ్చిందంట. రెండేళ్ళయిందంట మన కారం తిని. డబ్బా మూత తీసి చూపిస్తే వాసన చూసి ఏడ్చేసింది. జాలేసి ఇచ్చేశాను."

రహిమున్నీసా గోడకి ఆనుకుంది. ఆ క్షణాన ఆమెకి కలిగింది సంతోషమే. పట్టరాని సంతోషం. అల్లా, నా బిడ్డని కాపాడావు అనుకుంది.

"ఆవిడ నాకంటే నలుగురి ముందుంది," అంటోంది అర్ఫా. "సంచి ఇంకా చూళ్ళేదు. గట్టిగా పిలిచి తెలుగులో చెప్తే ఇక్కడెవరికీ అర్థం కాదు. డబ్బా తీసి పక్కనున్న డ్రమ్ములో పడేస్తుంది. చెప్పేదా అమ్మా?"

చెప్పమనడానికి ఒక్క మాట చాలు. రహిమున్నీసా నోటిదాకా వచ్చింది కూడా. కానీ కూతురు పిలవడం, ఆమె వెనక్కి తిరగడం, డబ్బా తీయడం, పోలీసులు అది చూడటం, ఇద్దర్నీ పక్కకి లాగడం, అంతా కళ్ళకి కట్టినట్టు కనపడింది.

"వద్దు. నోరు మూసుకుని నిలబడు. ఆవిడ వంక చూడకు. ఎవరడిగినా నాకు తెలీదను. విన్నావా? నా మీద ఒట్టు," అంది.

"అమ్మా..."

"నా మీద ఒట్టు అర్ఫా."

ఫోను ఆగిపోయింది. అర్ఫా పెట్టేసిందో, అదే తెగిపోయిందో తెలియలేదు.

ఆమె బయటికి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇమాం హుస్సేన్ మిల్లు ఆపించి, తొడిమలు తీసేవాళ్ళని అన్నానికి పంపించాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఏమైందని అడిగితే, "లైన్లో ఉన్నారంట" అని మాత్రం చెప్పింది. డబ్బా సంగతి చెప్పలేదు. రోడ్డు మీద చీమకుర్తి నుంచి రాళ్ళ లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ప్రతి లారీకీ కొట్టు రేకులు అదురుతున్నాయి. ఫోను ఆమె ఒళ్ళోనే ఉంది. ఆవిడ సంచి చూడకుండా వదిలేస్తే బాగుండునని దువా చేద్దామనుకుంది. చేతులైతే ఎత్తింది కానీ, తన బిడ్డ పేరు తప్ప ఇంకో పేరు నోటికి రాలేదు.

గంటన్నరకి ఫోను మోగింది. ఆమె మళ్ళీ వెనక గదిలోకి పరిగెత్తింది.

"దాటామమ్మా," అంది అర్ఫా. బస్సు చప్పుడు వినపడుతోంది. "ఆయన సంచి చూశారు. నాది చూశారు. ఏమీ లేదన్నారు."

"అల్హమ్దులిల్లా. ఏడవకు. అయిపోయింది కదా, ఏడుస్తావెందుకు?"

"ఆదెమ్మక్క డబ్బాలో కర్ర పెట్టి గుచ్చారమ్మా. మూట బయటికి తీశారు. కత్తిరించి బల్ల మీద పోశారు. ఆవిడకి ఏం జరుగుతోందో కూడా తెలీలేదు. ఇది నాది కాదు, ఆ అమ్మాయి ఇచ్చింది అని నా వైపు వేలు చూపించింది. అక్కడ హిందీ వచ్చినాయన ఒకాయన నా దగ్గరికొచ్చి, ఈవిడ నీకు తెలుసా అని అడిగాడు."

రహిమున్నీసా ఫోను చెవికి ఇంకా గట్టిగా అదిమింది.

"తెలీదన్నానమ్మా. నువ్వు ఒట్టు పెట్టావు కదా. అమ్మాయ్, చెప్పవే అమ్మాయ్, చెప్పవే అని లోపలికి లాక్కెళ్ళేదాకా అరుస్తూనే ఉంది. నీ అల్లుడు నా చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు. ఆవిడ సీటు నా పక్కనే, ఖాళీగా ఉంది. ఇద్దరు పిల్లలంట. వేటపాలెంలో వాళ్ళమ్మ దగ్గరున్నారంట. ఆ ముసలావిడకి ఎవరు చెప్తారమ్మా? నువ్వొక్కసారి వెళ్తావా?"

రహిమున్నీసా ఫోను పెట్టేసింది. పర్చూరు నుంచి వేటపాలేనికి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు, ఆ వీధులన్నీ ఆమెకి తెలుసు.

తలుపు తీసేసరికి ఇమాం హుస్సేన్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"దాటారా అక్కా?" అని అడిగాడు.

"దాటారు," అంది ఆమె.