ఏడో వరస

నా స్నేహితుడు లిసాను పోయిన పదకొండో నెలలో, ఒక మంగళవారం పొద్దున, అతని భార్య వుబాలెం, అతను వాయించిన సింథసైజర్‌ని తెల్ల శాలువాలో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నా కొట్టుకు వచ్చింది. మా గొందర్ ఊళ్ళో ఇలాంటి మిషన్లు బాగుచేసేవాళ్ళం నలుగురం ఉన్నాం. మిగతా ముగ్గురూ ముందు పాడుచేసి, తర్వాత నా దగ్గరికి పంపుతారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, విసుగొచ్చి చెబుతున్నాను.

"ఇదివరకే ఎవరికైనా చూపించావా వదినా?" అన్నాను కోపంగా.

"నీ నోటికి భయపడి ఎవరికీ చూపించలేదులే. ఆపి మళ్ళీ పెడితే తెరమీద పిచ్చి రాతలు వస్తున్నాయి. కాసేపటికి తనే సర్దుకుంటోంది."

మూత విప్పకుండానే విషయం అర్థమైంది. ఆ మిషన్ లోపల నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు లిసాను కట్టిన వరసలన్నిటినీ గుర్తుపెట్టుకునేది అదే. ఇరవై మూడేళ్ళ పాటు ఉన్న బ్యాటరీ చివరికొచ్చింది. అది పూర్తిగా చచ్చిపోతే వరసలూ పోతాయి. దాన్ని ఊడబీకినా పోతాయి.

ఆ మాటే చెప్పాను. 

"శనివారం నా మరిది కూతురి మెల్స్," అంది. పెళ్ళి మర్నాడు పెళ్ళికూతురి వాళ్ళింట్లో జరిగే విందు అది. "అందరూ పాడమంటున్నారు. ఆయన్ని మట్టిలో పెట్టిన రోజునుంచి నేను నోరు విప్పలేదు, నీకు తెలుసుగా. ఆయన వరసలు మోగితే పాడతాను. ఇంకొకడి వాయిద్యానికి మాత్రం పాడను, దెగెఫె. ఇవి పోతే నా పాట కూడా పోయినట్టే."

మిషన్ వదిలి వెళ్ళమన్నాను. వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. సరైన బ్యాటరీ గురువారానికి గానీ రాదన్నాను. అయితే గురువారం దాకా వస్తానంది. ఊరికే కూర్చునే బదులు నేర్చుకోమన్నాను. ఎలాగూ శనివారం మీటలు నొక్కాల్సింది ఆమే.

"మొదటి పని, దేన్నీ ముట్టుకోకముందే ఏ మీట ఎక్కడుందో రాసుకో. మెమరీని నమ్మకు."

"రాయడమొస్తే నీ దగ్గరికి ఎందుకొస్తాను?"

అలా అని ఊరుకోలేదు. నా బిల్లు పుస్తకం వెనక ప్రతి మీటకీ ఒక సున్నా చుట్టి, లోపల అది తిరిగి ఉన్న వైపుకి గడియారం ముల్లులా ఒక గీత పెట్టింది. ఒక్కో వరసకీ ఒక్కో కాగితం. నేను అంకెలతో రాసే పట్టీకన్నా అదే తేలిగ్గా ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, నెత్తికెక్కుతుందని.

బుధవారం ఉపవాసం కదా, మాంసం లేకుండా ఇంజెరా రొట్టెలో షిరో, అదే శనగపిండి పులుసు, వేసి తెచ్చింది. తింటూనే మిషన్‌లో వరసలు కట్టే సీక్వెన్సర్ చూపించాను. వరస అంటే ఒక వరుసలో గడులు. ఏ గడిలో ఏ స్వరం పెడితే అక్కడ అది మోగుతుంది. దీపం ఒక్కో గడి మీదుగా పరుగెత్తి, చివరికి వెళ్ళి మళ్ళీ మొదటికొస్తుంది.

"ఫ్యాక్టరీవాళ్ళు ప్రతి వరసకీ పదహారు గడులు పెట్టి పంపుతారు. మన భుజాల ఆటకి పన్నెండు కావాలి. అందుకే స్వరాల జోలికి పోకముందే ఆ నాలుగూ కోసెయ్యాలి. పదహారు మీద మన పాట వాయించావనుకో, జనం భుజాలు ఆడించరు, కవాతు చేస్తారు."

"మా మామగారు అన్నారులే ఆ మాట. కొత్తలో ఈయన పదహారు మీదే వాయిస్తే, తన ఒంటితీగ మాసింకోని పక్కనపెట్టి, 'ఒరే, పోలీసులు వస్తున్నారా?' అన్నారు."

ఆమెకు నవ్వు పెదవులదాకా వచ్చి ఆగిపోయింది. చూడనట్టు ఊరుకున్నాను.

"ఇప్పుడు ఈ డోలు దెబ్బ విను. గడి మీద సరిగ్గా పడదు. లిసాను వెంట్రుకవాసి వెనక్కి జరిపి పెట్టాడు. దాన్ని ఎవరైనా సరిచేస్తానంటే చెయ్యి విరగ్గొట్టు."

"ఆయన అన్నిటికీ అంతే. అన్నం వడ్డించి మూడుసార్లు పిలిస్తే గానీ వచ్చేవాడు కాదు."

ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి జారడం ఎలాగో చూపించాను. విడివిడిగా మోగే రెండు గడుల్ని అతికించి, జారుడు కాస్త పెంచితే, తీగ మీద విల్లు లాగిన శబ్దం వస్తుంది. శబ్దాన్ని మూసి తెరిచే గొంతు మీట ఎందుకో కూడా చూపించాను. దాన్ని ఒకచోట పెట్టి వదిలెయ్యకూడదు, పాట సాగుతున్నంతసేపూ ఒక చెయ్యి దాని మీద ఉండాలి. దేన్నయినా మార్చి చూడాలనిపిస్తే ముందు దాన్ని ఇంకోచోట నకలు తీసి, ఆ నకలు మీదే ప్రయోగాలు చెయ్యమన్నాను. ఆ రోజు ఐదో వరస దాకా మాత్రమే విన్నాం. ఆమె చెవి నాకంటే వంద రెట్లు మేలు. ఏ వరస ఎక్కడ మారుతుందో మీట నొక్కకముందే చెప్పేసేది. తల ఊపేది, వేలితో తాళం వేసేది. గొంతు మాత్రం విప్పలేదు.

గురువారం బ్యాటరీ వచ్చింది. పక్కింటి తిరంగో కాఫీ గింజలు వేయిస్తూ వుబాలెంని పిలిచింది. నేనే వెళ్ళమన్నాను. ఇలాంటి పని చేసేటప్పుడు ఎవరైనా కళ్ళార్పకుండా చూస్తుంటే నా చెయ్యి కుదరదు.

పాతదాన్ని పీకేముందు పక్కనుంచి ఇంకో బ్యాటరీని రెండు తీగలతో తగిలించాలి. అలా చేస్తే మెమరీకి ఒక్క క్షణం కూడా ఆకలి తెలియదు. అలాగే తగిలించాను. పాతది ఊడింది. కొత్తదాన్ని అతుకుతుంటే తగిలించిన తీగ ఒకటి జారింది. వెంటనే నొక్కిపెట్టాను. రెప్పపాటు అయ్యుంటుంది, అంతకన్నా ఉండదు. అతకడం పూర్తిచేసి, మూత బిగించి, మిషన్ పెట్టాను.

ఒకటి మోగింది. రెండు మోగింది. ఆరుదాకా అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఏడు నొక్కాను. దీపం పరుగెడుతోంది గానీ చప్పుడు లేదు. ధ్వని పెంచాను, తీగలు కదిపాను. లేదు. ఎనిమిది, తొమ్మిది మోగాయి. మళ్ళీ ఏడు. ఏమీ లేదు.

 రెప్పపాటులో ఒక వరస తుడిచిపెట్టుకుపోయింది. లిసాను దగ్గరనుంచి ఇక రాని వరస అది. నేను చేసిన పని.

అప్పుడు నాకొక దుర్బుద్ధి పుట్టింది. ఆరో వరస నకలు తీసి, నాలుగు స్వరాలు అటూ ఇటూ చేసి ఏడులో పెట్టేస్తే? దుఃఖంలో ఉన్న మనిషి కనిపెట్టగలదా? నకలు మీట మీదకి నా వేలు వెళ్ళింది కూడా. అంతలో వుబాలెం నా కోసం కాఫీ గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. ఆ మొహం చూశాక చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"వదినా, కూర్చో. ఏడో వరస పోయింది. తీగ జారింది. తప్పు నాదే."

ఆమె గిన్నె బల్లమీద పెట్టింది. ఏడవలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండుననిపించింది.

"పెట్టు, వింటాను."

"వినడానికి అందులో ఏమీ లేదమ్మా."

"పెట్టవయ్యా."

ఏడు నొక్కాను. దీపం పరుగెడుతోంది. ఆమె ముందుకు వంగి దాని వెంటే వేలు జరుపుకుంటూ పోయింది.

"దెగెఫె, పన్నెండు దగ్గరే వెనక్కి తిరుగుతోంది."

నేనూ చూశాను. మళ్ళీ చూశాను. పన్నెండే. చెరిగిపోయిన వరస అయితే ఫ్యాక్టరీలో పెట్టిన పదహారుకి పోవాలి. ఇది పోలేదు. అంటే ఎవరో కావాలనే నాలుగు గడులు కోశారు, కోసి అందులో ఒక్క స్వరం కూడా పెట్టకుండా దాచారు.

"ఖాళీ వరసని దాచుకోవడం దేనికి? ఇంత వాయించినవాడికి ఆ మాత్రం తెలియదా?" అన్నాను.

వుబాలెం నావైపు చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. పదకొండు నెలల తర్వాత నవ్వుతోంది, శాలువా అంచుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"నీ కోసమేనయ్యా మొద్దు మొహమా! పాట మధ్యలో తేజ్ కల్లుబుడ్డి పైకెత్తి మాట అందిస్తానని లేచేది ఎవరు? లేచి, గొంతు సవరించుకుని, పైకప్పు కేసి చూస్తూ నిలబడేది ఎవరు? నీకు మాట తట్టేదాకా ఈయన దీన్ని తిప్పుతూ కూర్చునేవాడు. 'డోలు మోగితే దెగెఫె కంగారుపడి మాట మింగేస్తాడు, చప్పుడు లేకుండా ఉంచుతాను' అనేవాడు. నువ్వు చెప్పడం అవ్వగానే ఎనిమిది నొక్కేవాడు, నేను ఎత్తుకునేదాన్ని."

మా ఊళ్ళో తాగుతూ పాట వినే పాటలిళ్ళలో వినేవాడు కొత్త మాట కట్టి అందించాలి, పాడేవాళ్ళు దాన్ని అప్పటికప్పుడు పాడాలి. ఇరవై ఏళ్ళు అందించాను. పన్ను వసూలువాళ్ళని తిట్టాను, పెళ్ళికొడుకుల్ని ఏడిపించాను, లిసాను ముక్కుమీద కూడా మాటలు కట్టాను. వాద్యం ఆగుతోందని ఒక్కనాడూ గమనించలేదు, ఎందుకంటే అక్కడ నా గొంతే వినబడేది నాకు. ఇంత నోరున్న నాకోసం అతను ఎన్నివందల సార్లు ఓపిగ్గా కాచుకుని కూర్చున్నాడో! ఈ సంగతి ఏనాడూ నాతో అనలేదు.

వుబాలెం ఆరు నొక్కింది. పాట మొదలైంది. గొంతు మీట మీద చెయ్యి వేసి మెల్లగా తెరిచింది. తర్వాత ఏడు నొక్కి నావైపు తిరిగింది.

"ఊఁ, అందించు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

దీపం ఒక చుట్టు తిరిగింది. రెండు. నాలుగు. నా నోట మాట రాలేదు. ఊళ్ళో ప్రతివాడిమీదా మాట కట్టగలిగినవాణ్ణి, అక్కడ అలా నిలబడిపోయాను. అంత్యక్రియల రోజున కూడా శామియానా తాళ్ళు సరిగ్గా కట్టలేదని పనివాళ్ళని తిడుతూ గడిపేశాను తప్ప అతని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"తొందరలేదు మరిదీ," అంది వుబాలెం. "ఇది తిరుగుతూనే ఉంటుంది."

ఎన్ని చుట్లు తిరిగిందో తెలియదు. చివరికి వచ్చింది.

"ఊరి మిషన్లన్నీ బాగుచేశాను లిసానూ,
నిన్నొక్కణ్ణే బాగుచెయ్యలేకపోయాను."

చివరి అక్షరం సగంలో విరిగిపోయింది. వుబాలెం ఎనిమిది నొక్కింది. కళ్ళు మూసుకుని, నా మాటల్ని నా దగ్గరనుంచి తీసుకుని, పాడింది.