ఎక్కువైన మాత్రలు

దర్జీ తన కూతురి జుట్టును పాయలుగా విడదీసి అల్లుతోంది. దువ్వెనని పళ్ళ మధ్య కరచుకుంది కాబట్టి మాట బయటికి రావడం లేదు. "కదలకే" అనాల్సినప్పుడల్లా మోకాలితో పిల్ల వీపు మీద ఒక పోటు పొడుస్తోంది. రోజూ జడ దగ్గరే మాత్ర వేయడం వాళ్ళింట్లో అలవాటు. తల్లి ఒక చేత్తో జుట్టు పట్టుకుని, రెండో చేత్తో వెనక నుంచి మాత్ర అందిస్తుంది. పిల్ల గ్లాసు ఎత్తి, తల వెనక్కి వాలుస్తుంది. జడ కదిలితే మాత్ర దిగినట్టే.

దర్జీకి హెచ్ఐవీ ఉంది. కడుపులో ఉండగానే బిడ్డకీ వచ్చింది. ఆ సంగతి బిడ్డకి తెలియదు. అమ్మకి ఒంట్లో బాగుండదు కనక మందు, తనకి బలం కోసం మందు, ఆమెకి తెలిసింది అంతే. ఇంట్లో అందరూ ఆమెని పిచ్చుక అంటారు. పిచ్చుక బరువు పెరిగాక తల్లీకూతుళ్ళిద్దరికీ ఆసుపత్రిలో ఒకే రకం మాత్ర ఇస్తున్నారు. డబ్బాలు కూడా ఒకేలా ఉండడంతో దర్జీ పిల్ల డబ్బా మెడకి ఎర్ర దారం, తన డబ్బాకి నల్ల దారం చుట్టింది.

నిన్న ఆసుపత్రిలో జరిగింది తలుచుకుంటే ఆమె బుర్ర ఇంకా గిర్రున తిరుగుతోంది. ఎప్పటిలాగే కౌన్సెలర్ రెండు డబ్బాలూ పళ్ళెంలో ఒంపి మాత్రలు లెక్కపెట్టింది.

"నీ డబ్బాలో చాలా మిగిలాయమ్మా. మానేస్తున్నావా?"

"అయ్యో, లేదు మేడం. ఒక్కరోజు కూడా తప్పలేదు."

"పిల్ల డబ్బాలో మాత్రం సరిగ్గా ఉన్నాయి. కానీ రక్తం చూస్తే పిల్లకే వైరస్ పెరిగింది. నీకు అసలు కనిపించడమే లేదు. మానేసిన మనిషికి తగ్గి, వేసుకున్న మనిషికి పెరిగిందా? నాకు తలా తోకా అర్థం కావడం లేదు. ఇలాగే ఉంటే ఈ మందు దానికి పనిచేయడం మానేస్తుంది. మార్చడానికి మన దగ్గర రకాలు ఎక్కువ లేవు. నీ ముందే వేసుకుంటోందా?"

"నా చేతుల్లోనే మేడం."

"దాని జబ్బేంటో దానికి చెప్పావా?"

"చెప్తాను మేడం." ప్రతిసారీ ఆమె చెప్పే జవాబే అది.

ఇంటికొచ్చాక తల్లితో అంటే ఆవిడ గిన్నె తోముతూ నవ్వేసింది. "నీ డబ్బా ఈనిందేమోనే! లేకపోతే మందు ఎవరింట్లోనైనా పెరుగుతుందా?"

"నువ్వొకదానివి అమ్మా! ఇక్కడ నా ప్రాణం పోతుంటే."

అప్పట్నుంచి దర్జీకి తన మీద తనకే నమ్మకం పోయింది. పొద్దున వేసుకున్న మాత్ర నిజంగా వేసుకుందా, వేసుకున్నాననుకుందా? రెండుసార్లు అలమర దాకా వెళ్ళి, డబ్బా పట్టుకుని, మళ్ళీ పెట్టేసి వచ్చింది. కుడతానన్న జాకెట్టుకి కుడిచెయ్యి తీసుకెళ్ళి ఎడమ భుజానికి అతికించింది. కుట్టు విప్పింది. విప్పి, శ్రద్ధగా మళ్ళీ ఆ చెయ్యే అక్కడ అతికించింది.

ఈ పూట కూడా మాత్ర అందించి, జడ చివర రిబ్బను ముడేసి, పిల్లని లేపి, దర్జీ ముందుగదిలో మిషను దగ్గరికి వెళ్ళింది. కూర్చున్నాక గుర్తొచ్చింది, కత్తెర లోపలే ఉంది. వెనక్కి తిరిగి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

పిచ్చుక స్టూలెక్కి, నల్ల దారం డబ్బా మూత తీసి, పిడికిట్లో ఉన్న మాత్రని అందులో జారవిడుస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

పిల్ల ఉలిక్కిపడలేదు. దొరికిపోయినందుకు విసుక్కున్నట్టు మొహం పెట్టింది. "నీకే వేస్తున్నా."

"నాకెందుకు?"

"నీ మందు అయిపోతే నువ్వుండవని అమ్మమ్మే అంది, పక్కింటావిడతో."

మూల గిన్నెలు తోముతున్న అమ్మమ్మ చేతిలో గిన్నె నీళ్ళల్లోకి జారింది. "నేనెప్పుడన్నానే? ... అన్నాను కాబోలు. నా నోరు పడిపోను."

"రోజూ ఇలాగే చేస్తున్నావా?" అంది దర్జీ.

"రోజూ కాదు. నువ్వు నీరసంగా ఉన్న రోజు. మెట్లెక్కొస్తే అక్కడే కూలబడతావుగా. నేను స్కూల్లో ఒక్క అంగలో రెండు మెట్లెక్కుతా. బలం నాకెందుకు?"

దర్జీకి కోపం రావాలి. రాలేదు. ఏడుపు రాబోయి, అదీ రాలేదు. పిల్లని స్టూలు మీంచి దించి ఎదురుగా నిలబెట్టుకుంది. చెప్పాల్సింది చాలా ఉంది. ఏ కుట్టు దగ్గర విప్పడం మొదలుపెట్టాలో తెలియలేదు.

"అది బలానికి కాదే."

"మరి?"

"నాకున్న జబ్బే నీకూ ఉంది. మాత్ర మానితే పెరుగుతుంది. పెరిగిందని నిన్న చెప్పారు."

"నాకా? నాకు జ్వరం కూడా లేదుగా!"

"మందు వేసుకున్నన్నాళ్ళూ ఏమీ ఉండదు."

"పేరేంటి దానికి?"

దర్జీ చెప్పింది. పిచ్చుక కాసేపు పెదవులు కదిపింది. "ఆ పేరు మా స్కూలు గోడ మీద రాసుంది," అంది. తర్వాత, "నాకెలా వచ్చింది?"

"పొద్దున్నే ఏంటే ఈ గోల, బడికి వేళవుతోంది," అని అమ్మమ్మ అడ్డం వచ్చింది.

"నా దగ్గర్నుంచే," అంది దర్జీ.

ఒక్క చూపుతో మనిషి నడుము కొలత చెప్పే దర్జీకి కూతురి మొహంలో ఏముందో తెలియలేదు. అరుస్తుందనుకుంది. తన మీద పడి ఏడుస్తుందనుకుంది. పిచ్చుక ఇంకేదో లెక్క వేసుకుంటున్నట్టు నేల చూసింది.

"మరి నీకిచ్చినవన్నీ?"

"నా డబ్బాలోనే ఉన్నాయి."

"నీకేం బలం రాలేదా?"

"లేదమ్మా."

పిచ్చుక ఎర్ర దారం డబ్బా తెరిచి ఒక మాత్ర నాలుక మీద పెట్టుకుంది. నీళ్ళు తాగలేదు. తల్లి కళ్ళల్లోకి చూస్తూనే మింగింది. గొంతు కదలడం దర్జీ కళ్ళారా చూసింది. అది తనని క్షమించడమో, తనతో పంతం పట్టడమో ఆమెకి బోధపడలేదు. అడగబోయింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఎర్ర దారం డబ్బా మూత బిగించింది.

పిల్ల సంచీ భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళవే," అంది అమ్మమ్మ.

పిచ్చుక తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.