సిగ్గుపడిన డ్రాయరు

పొద్దున మా ఆయనకు అన్నం డబ్బా కట్టిచ్చి, గుమ్మం దాకా వెళ్ళి సాగనంపి, అంట్లు కడిగి, బట్టలు ఆరేసి, ఆ తర్వాత నేను కూర్చుని ఆడవాళ్ళ ఒళ్ళకు రంగు పూస్తాను. వేడినీటి బుగ్గలో జలకాలాడే ఆడవాళ్ళు, గోడ మీంచి తొంగిచూడబోయి జారి నీళ్ళలో పడే మగవాళ్ళు, ఆ మగవాళ్ళ నెత్తిన చెక్క బకెట్టుతో మొత్తే సత్రం ముసలమ్మ. టీవీ వాళ్ళూ సినిమా హాళ్ళ వాళ్ళూ గడప తొక్కనివ్వని బొమ్మల సినిమాలివి. తిన్నగా వీడియో క్యాసెట్ల మీదికే ఎక్కుతాయి. అద్దె షాపులో తెర వెనక అరలో ఉంటాయి, మగవాళ్ళు అటూ ఇటూ చూసి తీసుకెళ్తారు. నెరిమా పేటలో, మా వీధిలోనే నాలాంటి ఇల్లాళ్ళు చాలామంది వంటింటి బల్లల మీద ఈ రంగులు పూస్తారు. అద్దంలా ఉండే పల్చటి ప్లాస్టిక్ షీటు మీద గీతలు ముందే వేసి వస్తాయి. మేము షీటు తిరగేసి వెనక వైపు నుంచి రంగు నింపుతాం. ఏ భాగానికి ఏ సీసా అన్నది నంబర్లు వేసి ఉంటుంది.

మా ఆయన దృష్టిలో ఇది పని కాదు. ఇంటికొచ్చిన ఆఫీసు వాళ్ళతో "ఇంట్లో ఊరికే ఉంటుంది కదా, ఏవో పిల్లల బొమ్మలకు రంగులు పూసుకుంటుంది" అని చెప్తుంటే ట్రే పట్టుకుని పక్కనే నిలబడి విన్నాను. పిల్లల బొమ్మలని నేనెప్పుడూ చెప్పలేదు, ఆయనే అనుకున్నాడు. ఒక్కసారి షీటు ఎత్తి చూసి ఉంటే తెలిసేది. ఇన్నేళ్ళలో ఎత్తలేదు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, "నేనొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉండాలి." అందుకని సాయంత్రం ఆరీ ఆరని షీట్లన్నీ ఎత్తి మా అత్తగారి గదిలోకి చేరవేస్తాను. ఆయనకు తెలిస్తే ఈ పని ఆ రోజుతో ఆఖరు. ఈ పని పోవడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే పూసేటప్పుడు నేను నవ్వుతాను. ఆ ఇంట్లో నేను గట్టిగా నవ్వేది ఆ బల్ల దగ్గర ఒక్కచోటే.

అత్తగారికి మాత్రం అన్నీ తెలుసు. కళ్ళజోడు సవరించుకుని ఒక్కో షీటూ వెలుతురుకు పెట్టి చూసేది. "ఈ తొంగిచూసే వెధవకి దెబ్బ సరిగ్గా తగల్లేదే అమ్మాయ్, ఆ బకెట్టు ఇంకాస్త గట్టిగా వెయ్యమని చెప్పు మీవాళ్ళకి" అనేది. ఒకప్పుడు ఇదే నోటితో "కొత్త కోడలికి పులుసు పెట్టడం రాదు" అని చుట్టాలందరికీ చాటిన మనిషి. ముసలితనం మనుషుల్ని ఏం చేస్తుందో గానీ మా అత్తగారిని మాత్రం నా వైపుకు తెచ్చింది.

ఈసారి వచ్చిన కథలో ఒక మేనేజరు ఆఫీసు విహారయాత్రకని సత్రానికొచ్చి, తాగి, ఆడవాళ్ళ స్నానాల గదిలో దూరబోయి దొరికిపోతాడు. ఒంటి మీద తెల్ల డ్రాయరు ఒక్కటే మిగులుతుంది. వెనక ముసలమ్మ బకెట్టుతో తరుముతుంటే పొడవాటి నడవా అంతా పరిగెడతాడు. ఆ పరుగు నా వాటాకు వచ్చింది. ప్రతి షీటులోనూ ముందు వాడి తాగిన బుగ్గలకు గులాబీ రంగు, తర్వాత డ్రాయరుకు తెలుపు. రెండిటికీ రెండు కుంచెలు. సగం పూశానో లేదో ఫోను మోగింది.

"ఇదిగో, మా సెక్షను వాళ్ళని తీసుకొస్తున్నా. ఏదన్నా చేసి పెట్టు" అన్నాడు మా ఆయన. ఎంతమందో చెప్పలేదు. పెట్టేశాడు.

చేపలు పొయ్యి మీద వేశాను, గుడ్లు గిలక్కొట్టాను, మధ్యలో వచ్చి కూర్చుని రెండు షీట్లు పూశాను, మళ్ళీ లేచి చేపలు తిప్పాను. పొద్దున్నే స్టూడియో నుంచి మితమురా గారు షీట్ల కోసం వ్యానుతో వచ్చేస్తారు, ఆలోగా అవ్వాలి. ఆ హడావిడిలో కుంచె మార్చడం మానేశాను. బుగ్గలద్దిన కుంచెనే తెల్ల సీసాలో ముంచుతూ పోయాను. ముంచిన కొద్దీ సీసాలో తెలుపు కొంచెం కొంచెంగా గులాబీకి తిరిగింది. వంటింటి పసుపు లైటు కింద అది నా కంటికి ఆనలేదు.

వారం తిరక్కుండా స్టూడియో నుంచి మితమురా గారు ఫోను చేశారు. బొమ్మలన్నిటి రంగులూ సరిచూసేది ఆవిడే.

"తొకునాగా గారూ, ఆ డ్రాయర్ని ఏం చేశారండీ?"

షీట్లన్నీ అప్పటికే కెమెరా కిందికి వెళ్ళిపోయాయట, మళ్ళీ తీయడానికి వ్యవధి లేదు. తెరమీద చూస్తే మేనేజరు తెల్ల డ్రాయరుతో పరుగు మొదలుపెడతాడు, నడవా చివరికొచ్చేసరికి అది మెల్లమెల్లగా గులాబీ రంగుకు వచ్చేస్తుంది. వాడి మొహం మాత్రం మొద్దు మొహంలానే ఉంటుంది.

"క్షమించండి. కుంచె కలిసిపోయింది. ఇంకెప్పుడూ..."

"ఆగండి మరి. దర్శకుడు కుర్చీలోంచి కిందపడి నవ్వాడు. మనిషికి రాని సిగ్గు డ్రాయరుకు వచ్చిందన్నాడు. సినిమా మొత్తానికి ఇదే పెద్ద నవ్వట. మార్చేది లేదు. పైగా చివర మీ పేరు వేస్తానంటున్నాడు."

ఇళ్ళల్లో పూసేవాళ్ళ పేర్లు ఎక్కడా వేయరు. స్టూడియో పేరు ఒక్కటి వేస్తే అందులో మేమందరం ఉన్నట్టు లెక్క.

"అయితే అసలు పేరు కాదులెండి," అందావిడ. "ఇట్లాంటి వాటిల్లో ఎవరమూ అసలు పేరు పెట్టుకోం. దర్శకుడు ఉడికిన ఆక్టోపసు. నేను నిద్రలేని మహారాణి. మీరూ ఒక మంచి దొంగపేరు ఆలోచించుకోండి. ఇంట్లో తెలిస్తే కొంప మునుగుతుంది కదా."

రెండు రోజులు బియ్యం కడుగుతూ, బట్టలు మడతపెడుతూ ఆలోచించాను. తువ్వాలు రాణి, సబ్బునురగ దేవి, ఏవేవో వచ్చాయి, ఒక్కటీ నాకు అతకలేదు. అయినా నా పేరంటూ ఏముంది నాకు. వీధిలో నేను తొకునాగా గారి భార్యని. మా అత్తగారికి అమ్మాయ్‌ని. మా ఆయనకు 'ఇదిగో'ని. పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను ఇంటిపేరుతో పిలిచాడు, పెళ్ళైన మర్నాటి నుంచి ఆ ఇంటిపేరు లేదు కాబట్టి 'ఇదిగో'లోకి దిగాడు. ఆయన గొంతులో నా పేరు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒకసారి జ్వరంలో కలవరిస్తూ ఏదో పిలిచాడని పరుగెత్తి వెళ్తే, మంచినీళ్ళు అడుగుతున్నాడు. పుట్టింట్లో నేను హొరికిరి మసాయెని. బడిలో డ్రాయింగు మాస్టారు ఆ పేరు పిలిచి నా బొమ్మను గోడకు తగిలించేవారు. పెళ్ళి రోజున కాగితాల్లో హొరికిరి కొట్టేసి తొకునాగా రాశారు. ఇప్పుడా పాత పేరు లోకంలో ఎవరిదీ కాదు. దొంగపేరు కావాలన్నారు, నా దగ్గర అంతకంటే మంచిది లేదు. ఫోను చేసి అదే చెప్పాను. పెట్టేశాక ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

క్యాసెట్టు షాపుల్లోకి వచ్చిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, బయటికెళ్ళిన మా ఆయనతో పాటు సెక్షను వాళ్ళు మళ్ళీ చెప్పాపెట్టకుండా ఊడిపడ్డారు. వాకిజాకా అనే అతని సంచిలో ఆ క్యాసెట్టు ఉంది. అట్ట చూడగానే చేతిలోని బీరు సీసాలు అక్కడే కింద పెట్టేశాను.

"ఇదిగో, ఇక నువ్వు వెళ్ళు. ఇది ఆడవాళ్ళు చూసేది కాదు" అని మా ఆయన తలుపు జరిపేశాడు.

నేను వంటింట్లో బల్ల దగ్గర నిలబడిపోయాను. ఎత్తే వ్యవధి లేక తర్వాతి క్యాసెట్టు షీట్లు అక్కడే ఆరుతున్నాయి. అత్తగారు ఉడికించిన పచ్చి సోయా కాయల పళ్ళెం చేతిలోకి తీసుకుని "నేను ఆడదాన్ని కాదులే, ముసలిదాన్ని" అంటూ తలుపు తీసుకుని లోపలికి పోయి కూర్చుంది. ఆ తలుపు మళ్ళీ పూర్తిగా వేసుకోలేదు. సందులోంచి నవ్వులు వినబడుతున్నాయి. ఒకచోట ఇల్లు దద్దరిల్లింది. పరుగు వచ్చిందని అర్థమైంది.

"వెనక్కి తిప్పవోయ్, ఇంకోసారి" అంటున్నాడు మా ఆయన, నవ్వుతో ఊపిరాడక. "డ్రాయరు సిగ్గుపడ్డం ఏంటయ్యా బాబూ. ఇది పుట్టించినవాడు ఎవడో గానీ, వాడి బుర్రకి దణ్ణం పెట్టాలి."

వెనక్కి తిప్పారు, మళ్ళీ చూశారు, మళ్ళీ నవ్వారు. నేను ఏప్రాను నోట్లో కుక్కుకున్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను చేసిన దేనికీ ఆయన అంత మురిసిపోలేదు.

సినిమా అయిపోయింది. వాకిజాకా ఆపబోతుంటే అత్తగారి గొంతు వినబడింది. "ఉండు నాయనా, పేర్లు రానీ. పాట బావుంది."

మా ఆయన తాగిన హుషారులో ఒక్కో పేరూ చదవడం మొదలుపెట్టాడు. "దర్శకత్వం, ఉడికిన ఆక్టోపసు. రంగుల పర్యవేక్షణ, నిద్రలేని మహారాణి. డ్రాయరు సిగ్గు..."

అక్కడ ఆగాడు. పాట సాగుతూనే ఉంది.

"హొరికిరి మసాయె" అన్నాడు, నెమ్మదిగా.

నాకు భయం వేయాలి. వేయలేదు. ఆయన గొంతులో నా పేరు బాగానే ఉంది. తలుపు జరిపి గడప మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"పిలిచారా?"

వాకిజాకా ఒకసారి నా వైపు, ఒకసారి మా ఆయన వైపు చూశాడు. అత్తగారు ఒక కాయ ఒలుచుకుని నోట్లో వేసుకుంది. "అదేంట్రా, వాడి బుర్రకి దణ్ణం పెడతానన్నావుగా, పెట్టు మరి" అంది.

మా ఆయన మెడ దగ్గర మొదలైంది. అక్కణ్ణించి చెవులకు, చెవుల నుంచి బుగ్గలకు, మెల్లమెల్లగా. ఏ సీసా రంగో నాకు తెలుసు. ముందు వాకిజాకా ఫక్కున నవ్వాడు, తర్వాత అందరూ. చివరికి మా ఆయన కూడా, వేరే దారిలేక.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బల్ల మీద షీట్లను చూశాడు. ఒకదాన్ని అంచు పట్టుకుని ఎత్తి, వెలుతురుకు పెట్టి, చాలాసేపు చూశాడు. జాగ్రత్తగా దాన్ని ఉన్నచోటే పెట్టాడు.

"ఇదిగో..." అని ఆగాడు. "మసాయె, మరి అన్నం ఎక్కడ తిందాం?"

"మీ ఇష్టమండీ," అన్నాను కుంచె కడుగుతూ. "బల్ల మీద మాత్రం రంగు ఆరుతోంది."