గుండీల డబ్బాలో గొరిల్లాలు

ఫోన్ టింగుమన్నప్పుడు కొత్త కోడలు మంచినీళ్ళు తాగుతోంది. ల్యాబ్ పెద్దాయన పంపింది ఒక్కటే వాక్యం: ‘రెండో ల్యాబ్‌లోనూ అదే తేలింది, నీ ఫలితం నిలిచింది.’ నీళ్ళు పొలమారాయి. దగ్గుతూనే కుర్చీలోంచి లేచి, అత్తగారు ఎదురుగా ఉన్న సంగతే మరిచి అరిచేసింది.

“గొరిల్లా పెంట గెలిచింది!”

కుట్టుమిషన్ టక్కున ఆగింది.

పెళ్ళయి నలభై రోజులు. అత్తగారికి ఆమె చెప్పుకున్నది ‘రక్తపరీక్షల ల్యాబ్’ అని. అత్తగారు దర్జీ. చేతులు రెండుసార్లు కడుక్కుని, ఆ తర్వాత కుళాయిని కూడా కడిగే మనిషి. అడవి నుంచి సీసాల్లో వచ్చే గొరిల్లా పెంటని కోడలు రోజూ కలుపుతోందని తెలిస్తే ఉద్యోగం మానెయ్యమనదూ? మానడం తన వల్ల కాదు. అలాగని సాయంత్రాలు అత్తగారి పక్కన నిలబడి కూరలు తరుగుతూ పడీ పడీ నవ్వుకునే ఆ అరగంటను వదులుకోవడమూ తన వల్ల కాదు.

“ఏం గెలిచింది?” కళ్ళజోడు పైకి తోస్తూ అడిగింది అత్తగారు.

“పెంట, అత్తయ్యా.”

“నీకు తెలుసురా ఇది?” పక్కనే కూర్చున్న కొడుకు వైపు తిరిగింది అత్తగారు.

“కొంచెం తెలుసమ్మా. వాసన దాకా పోలేదు,” అన్నాడు కొడుకు.

“నువ్వు ఊరుకోండి!” ఇద్దరే ఉన్నప్పటి నువ్వూ, అత్తగారి ముందు మీరూ కంగారులో కలగాపులగమయ్యాయి. “మలేరియాల్లో అన్నిటికన్నా ప్రమాదమైన రకం ఉంది కదా అత్తయ్యా, దాని క్రిమి గొరిల్లాల నుంచి మనకి వచ్చిందంటారు. మేం కొత్త అడవిలో వెతికాం. అక్కడి గొరిల్లాల్లోనూ దాని చుట్టాలున్నాయి! సూది పొడుస్తామంటే అవి ఒప్పుకోవుగా, అందుకే పెంటలో వెతుకుతాం.”

“మన దగ్గర్నుంచే వాటికి పోయిందేమో? మనమేం తక్కువ తిన్నామా?”

అసలు చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. కోడలు వంశవృక్షమంది, కొమ్మలంది, రెమ్మలంది. ఆ కొమ్మల్లో తనే చిక్కుకుపోయింది. అత్తగారి కనుబొమలు ముడిపడ్డాయి. అప్పుడు కనిపించింది మిషన్ పక్కన గుండీల డబ్బా. దాన్ని బల్లమీద బోర్లించి, భర్తను భుజం పట్టి లేపింది.

“ఇందులో ఎన్ని రకాలున్నాయత్తయ్యా?”

“లెక్కెక్కడిదీ!”

“మరి మీ అబ్బాయి చొక్కాకి?”

“ఒకటే. ఆరూ నీలమే.”

“ఆ నీలం డబ్బాలోనూ ఉంది. చొక్కావి డబ్బాలోంచి వచ్చాయా, డబ్బాలోవన్నీ చొక్కాలోంచి వచ్చాయా?”

“ఆ చొక్కా కుట్టింది నేనేగా! డబ్బాలోంచే తీశా.”

“గొరిల్లాలే ఆ డబ్బా! వాటిలో ఈ క్రిమికి బోలెడు రకాలు. మనలో ఉన్నవన్నీ వాటిలో ఒక్క రకానికి పుట్టిన పిల్లలే.”

అత్తగారు నీలం గుండీని వెలుగులో పెట్టి చూసింది. చొక్కా వంక చూసింది. కోడలి చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“సబ్బు వాసనే వస్తోందే.”

“మూడుసార్లు కడుగుతా అత్తయ్యా.”

“నాకంటే ఒకటెక్కువ!” అత్తగారి మొహం విప్పారింది. అంతలోనే మళ్ళీ ముడుచుకుంది. “అక్కడ ఏం వేసుకుంటావ్?”

“ల్యాబ్ కోటు. దాని చేతులు వేళ్ళు దాటి వేలాడతాయని మడిచి రబ్బరు బ్యాండ్లు వేస్తా.”

“రబ్బరు బ్యాండ్లా!” పెంట అన్నప్పుడు కూడా అత్తగారు అంతగా అదిరిపడలేదు. “నా కోడలు, రబ్బరు బ్యాండ్లా! పరువు తీశావు కదే!”

కొడుకు పకపకా నవ్వాడు. కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అత్తగారు అవేవీ పట్టించుకోకుండా టేపు మెళ్ళో వేసుకుంది.

“రేపు తొమ్మిదింటికి నేనూ మీ ల్యాబ్‌కి వస్తున్నా. నీవీ, మీ పెద్దాయనవీ, అందరి కొలతలూ తీసుకుంటా. ఆ డబ్బా కూడా సంచీలో పెట్టు. ఆయనకెవరైనా ఇదే ప్రశ్న వేస్తే పనికొస్తుంది.”