బెల్లు కొట్టకుండా

యాభై దాటాక ఆ ఫ్రిజ్ మెకానిక్‌కి ఎక్కడలేని కుర్రతనం వచ్చిపడింది. కారణం బ్యాటరీ సైకిల్.

అంతకుముందు ఏళ్ళ తరబడి పనిముట్ల సంచీ వెనక కట్టుకుని, మామూలు సైకిల్ మీదే ఇల్లిల్లూ తిరిగి ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాక భార్య పోరుపెట్టి మరీ దీన్ని కొనిపించింది. మొదటివారం భయంభయంగా తొక్కాడు. రెండోవారానికి భయం తీరింది. ఆ తర్వాత అదొక వ్యసనమైపోయింది. హ్యాండిల్ దగ్గరున్న మీట కాస్త తిప్పితే చాలు, ఎవరో వెనక నుంచి నడుం పట్టుకుని తోసినట్టు సైకిల్ ముందుకి దూకేది. చెవుల్లో గాలి ఈలవేసేది. తనని చూసి ఎవరైనా ‘ఈయనకేంటి ఇంత హుషారు’ అనుకుంటే బాగుండునని కూడా అనిపించేది.

వాళ్ళ పేట నుంచి బజారుకి కాలవ గట్టు మీదుగా ఒక బాట ఉంది. మోటారు బళ్ళు రాకూడదు. పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, అందరికీ అదే బాట. మొదట్లోనే బోర్డు పెట్టారు: నడిచేవాళ్ళకి ముందు దారి ఇవ్వండి, బెల్లు కొట్టి నెమ్మదిగా దాటండి అని. ఇంట్లో గోడకున్న పాత ఫొటోలాగే ఆ బోర్డు కూడా అతనికి రోజూ కనిపించేది, ఎప్పుడూ మనసుకి ఎక్కేది కాదు.

ఆ రోజు పొద్దున సన్నగా తుంపర పడుతోంది. స్పేర్ పార్టుల కొట్టువాడు ముందురోజు ఊరికే ఇచ్చిన పసుపు రంగు రెయిన్‌కోటు తొడుక్కుని బయల్దేరాడు. తొందర పనేమీ లేదు. తర్వాత తనకి తాను ఎన్ని సాకులు చెప్పుకున్నా ఈ ఒక్క మాట దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోయేది. ఆ రోజు అతనికి తొందరలేదు. వేగంగా పోవడం సరదాగా ఉంది, అంతే.

మలుపు తిరగ్గానే ముందు ఒక పెద్దావిడ చేతికర్ర పట్టుకుని నడుస్తోంది. అడుగు తీసి అడుగు వెయ్యడమే గగనంగా ఉంది ఆవిడకి. బెల్లు కొడదామని బొటనవేలు దాని మీదకి పోయింది. కొడితే ఆవిడ ఉలిక్కిపడుతుంది, అటా ఇటా అని తచ్చాడుతుంది, తను బ్రేకు వెయ్యాలి. ఎడమ పక్కన సందు ఉంది కదా అనుకున్నాడు. అదే ఊపులో దూసుకుపోయాడు. వెనకున్న సంచీ దేనికో రాసుకున్నట్టయింది. “అమ్మా!” అన్న కేక, కర్ర టప్పుమని నేలమీద పడిన చప్పుడు వినిపించాయి.

హ్యాండిల్‌కున్న చిన్న అద్దంలోకి చూశాడు. నీటి చుక్కల మధ్య గడ్డిలో ఆవిడ కూర్చుని కనిపించింది. వెనక నుంచి ఇంకెవరో ఆడమనిషి పరిగెత్తుకొస్తోంది. ‘కూర్చుంది, పడలేదు. చూసుకోడానికి మనిషి కూడా ఉంది’ అని తనకి తనే సర్దిచెప్పుకుని, ఆగలేదు. బజారు చేరేదాకా మళ్ళీ అద్దంలోకి చూడలేదు. అక్కడ కోటు విప్పి, ఉండచుట్టి, సంచీ అడుగున కుక్కాడు.

పరిగెత్తుకొచ్చిన ఆ మనిషి తన సొంత అక్క అని రాత్రి భోజనాల దగ్గర తెలిసింది.

అక్క ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పై వాటాలో ఉంటుంది. రాత్రి భోజనం మాత్రం వీళ్ళతోనే. తమ్ముడికి జుట్టు నెరిసినా ఆమెకి ఇంకా ‘చిన్నోడే’. ఆమె స్నేహితురాలు ఒకావిడ, లెక్కల టీచరుగా చేసి మానేసింది, పక్షవాతం వచ్చి మంచాన పడింది. అక్కే పట్టుబట్టి లేపింది. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి గట్టు మీదకి తీసుకొచ్చింది.

“బూటు తాడు ఊడితే కట్టుకుందామని మలుపు దగ్గర చెట్టు వెనక అరుగు మీద కూర్చున్నాను. మీరు నడుస్తూ ఉండండి అన్నాను. తలెత్తేసరికి టీచరమ్మ గడ్డిలో ఉంది” అంది అక్క. “మణికట్టు బెణికింది. అరచేయి చెక్కుకుపోయింది. అది కాదురా చిన్నోడా, పసిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఇంతకాలంలో ఆవిడ కంట్లో నీళ్ళు చూడలేదు నేను.”

“వాడు ఆగలేదా?” అంది అతని భార్య.

“ఆగితే ఇంకేం! పసుపు కోటు వేసుకుని రాకెట్‌లా పోయాడు. దొరకనీ, చెవులు పిండి చేతిలో పెడతాను.”

పసుపు కోటు అనగానే వడ్డిస్తున్న భార్య చేయి ఒక్క క్షణం ఆగింది. పొద్దున ఆ కోటు గుండీలు పెట్టింది ఆమే. గరిటె మళ్ళీ కదిలింది.

చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. నేనేనక్కా అంటే అయిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తీరా నోరు తెరిస్తే బయటికొచ్చింది వేరే మాట.

“ఇలాంటి వెధవల వల్లే మా సైకిళ్ళవాళ్ళందరికీ చెడ్డపేరు” అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. “కళ్ళు నెత్తికెక్కి తిరుగుతారు. నాలుగు తగిలిస్తేగానీ బుద్ధి రాదు.”

అక్క ముఖం కాస్త తేటపడింది. “నువ్వు రోజూ అటేగా వెళ్ళేది. కాస్త కనిపెట్టి ఉండు.”

“కనిపెడతానక్కా” అన్నాడు తల వంచుకుని. భార్య మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకి జరిపింది, ముఖంలోకి చూడకుండా.

మర్నాడు మళ్ళీ తుంపర. “కోటు వేసుకోరా?” అని అడిగింది భార్య. “పార్టుల కొట్టులో మర్చిపోయాను” అన్నాడు. “అలాగా” అంది. ఆ ఒక్క మాటకి చెవులు భగ్గుమన్నాయి. ఆమె నిలదీసి ఉంటే ఎదురు కేకలేసి ఉండేవాడేమో. ఆమె నిలదీయలేదు. తడుస్తూ వెళ్ళాడు.

టీచరమ్మ ఆ తర్వాత గడప దాటలేదని అక్క రోజూ చెబుతూనే ఉంది. మణికట్టు నొప్పి తగ్గింది, భయం తగ్గలేదు. గుమ్మం దాకా వచ్చి, బయట ఏ సైకిల్ చప్పుడైనా వింటే వెనక్కి తిరిగిపోతోందట. ఆ మాటలు వింటూ అతను గోళ్ళు గిల్లుకునేవాడు. పోయిన ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్ వెనక దూరి, అవసరానికి మించి అక్కడే కూర్చునేవాడు. అక్కడైతే ఎవరి కళ్ళలోకీ చూడనక్కర్లేదు.

ఒకనాడు పొద్దున్నే అక్క దడదడ మెట్లు దిగొచ్చింది. “ఒరే చిన్నోడా, దొరికాడు! నాతో రా.”

గట్టు మొదట్లో ఒక మనిషిని అప్పటికే ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టి ఉన్నారు. మందుల షాపు నుంచి ఇళ్ళకి మందులు చేరవేసే మనిషి అతను. బక్కపల్చగా ఉంటాడు, గడ్డం. బ్యాటరీ సైకిలే. ఒంటి మీద షాపువాళ్ళిచ్చిన పసుపు కోటు.

“నేను కాదమ్మా. నేనెవర్నీ పడెయ్యలేదు” అంటున్నాడు.

“నీ కోటు నేను చూశాను!” అంది అక్క.

“కోటుదేముందమ్మా, ఎవరైనా వేసుకుంటారు.”

“మాటకి మాట చెబుతున్నాడు చూడండి” అన్నాడు నడకకి వచ్చిన ఒక పెద్దమనిషి. ఫోన్ తీసి ఆ మనిషి ముఖానికీ, సైకిల్‌కీ ఫొటోలు కొట్టాడు. “షాపు ఓనరుకి పంపిస్తే వాడే చూసుకుంటాడు.”

మందుల మనిషి ముఖం పాలిపోయింది. చుట్టూ చూశాడు. మెకానిక్ కనిపించాడు. మునిగిపోతున్నవాడికి ఒడ్డు కనిపించినట్టు అతని కళ్ళు వెలిగాయి.

“సార్, మీరు చెప్పండి. రోజూ నన్ను చూస్తారు కదా. ఎప్పుడైనా స్పీడుగా పోయానా నేను?”

పోలేదు. ఆ సంగతి మెకానిక్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ మనిషి ముందుంటే అతనికి చిర్రెత్తుకొచ్చేది. ఎవరైనా అడ్డంగా నడుస్తుంటే బెల్లు కొట్టి, వాళ్ళు జరగకపోతే దిగి, సైకిల్ నడిపించుకుంటూ పోయేవాడు. ‘ఇదేం నత్తనడకరా బాబూ’ అని వెనక నుంచి ఎన్నిసార్లు విసుక్కున్నాడో.

అందరూ తనవైపే చూస్తున్నారు.

“అతను కాదక్కా” అన్నాడు.

“నీకెలా తెలుసు?”

“నేను కాబట్టి.”

అక్కకి అర్థం కాలేదు. “నువ్వేంటి?”

“టీచరమ్మని పడేసింది నేను. కోటు నా సంచీలో ఉంది.”

పెద్దమనిషి ఫోన్ ఇటు తిప్పాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఫొటో తీసినా బాగుండేదని అనిపించింది మెకానిక్‌కి.

“నన్ను క్షమించు బాబూ” అన్నాడు మందుల మనిషితో.

“నేను పోవచ్చా? మందుల కోసం చూస్తుంటారు” అన్నాడతను, ముఖం పక్కకి తిప్పుకుని. సైకిలెక్కాడు. తనని దొంగలా చుట్టుముట్టిన వాళ్ళకి కూడా బెల్లు కొట్టి, వాళ్ళు తప్పుకునేదాకా ఆగి వెళ్ళాడు.

అక్క తిట్టలేదు, చెవులు పిండలేదు. తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

“ఆ రాత్రి నా ఎదురుగా కూర్చునే తిన్నావు కదరా” అంది. అంతే. ఇంటివైపు వెళ్ళిపోయింది. అతను పిలవలేదు. ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాడు?

ఇంటికెళ్ళి చెబితే భార్య అంతా విని, “ఎప్పటికి చెబుతారా అని చూస్తున్నాను” అంది. “తప్పంతా వేగంగా పోవడమే అనుకోకండి. ఆవిడ దగ్గరికి ఒక్కరే వెళ్ళండి. నేను తోడు రాను.”

టీచరమ్మ ఇల్లు రెండు వీధుల అవతల. ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మణికట్టుకి ఇంకా కట్టు ఉంది. అతను నిలబడే అంతా చెప్పాడు. దాచిన సంగతి, భోజనాల దగ్గర తిట్టిన సంగతి, మందుల మనిషి సంగతి కూడా చెప్పాడు. పాఠం అప్పజెబుతున్న పిల్లాడి మాట విన్నట్టు ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

“నీ సైకిల్‌కి బెల్లు లేదా?”

“ఉందండి.”

“మరి?”

“కొడితే... ఆగాల్సొస్తుందని కొట్టలేదండి.”

“నిజం చెప్పావు” అంది ఆవిడ. “నువ్వొచ్చింది నా ఎడమ పక్క నుంచి. జబ్బు చేశాక ఆ పక్క నాకేమీ తెలియదు. ఆ పక్క నుంచి ఏదైనా వస్తే, వచ్చి మీద పడ్డాకే తెలుస్తుంది. నువ్వు కావాలని చేశావనడంలేదు. నీకు తెలియదు. తెలియనప్పుడే కదయ్యా మెల్లగా పోవాల్సింది.”

ఆవిడ మణికట్టు మీది కట్టు సర్దుకుంది.

“చెప్పేశావు. నీ బరువు దిగింది. నాకేం దిగింది?”

తలుపు దగ్గరికి వెళ్ళినవాడు వెనక్కి తిరిగి, “రేపు పొద్దున రానా అండి? గట్టు దాకా నేను పట్టుకుంటాను” అన్నాడు.

“వద్దు” అంది ఆవిడ.

అయినా మర్నాడు వెళ్ళాడు. వద్దంది. ఆ మర్నాడూ వెళ్ళాడు. గుమ్మం బయటే నిలబడి, వద్దనిపించుకుని పనికిపోయేవాడు. కొన్నాళ్ళకి ఆవిడకే విసుగు పుట్టినట్టుంది. చెప్పులేసుకుని, కర్ర తీసుకుని బయటికొచ్చింది.

“ఎడమ పక్కకి రా” అంది. “నీ మీద నమ్మకం కలిగి కాదు. ఆ పక్క ఎవరో ఒకరు ఉండాలి.”

గట్టెక్కారు. అక్క కూడా వచ్చింది, కానీ టీచరమ్మకి కుడి పక్కన నడిచింది. తమ్ముడితో పలకలేదు. భోజనానికి కిందికి రావడం కూడా ఆ రోజు నుంచీ మానేసింది. భార్యే గిన్నెలు సర్ది పైకి తీసుకెళ్తోంది.

ఆవిడ అడుగుకి తన అడుగు కలపడం అతనికి చేతకాలేదు. రెండుసార్లు ముందుకి పోయి మళ్ళీ వెనక్కొచ్చాడు. ఇంత నెమ్మదిగా నడుస్తుంటే బాట ఎంత సన్నగా ఉందో, ఎక్కడెక్కడ చెట్ల వేళ్ళు పైకి తేలాయో, ఎక్కడ తడిసి జారుతోందో ఒక్కొక్కటే తెలిసొచ్చింది. వెనక నుంచి సర్రుమని చప్పుడైంది. అతను తలతిప్పేలోపే ఒక బ్యాటరీ సైకిల్ మోచేతిని తాకేంత దగ్గరగా పోయింది. గాలి ముఖానికి కొట్టింది. టీచరమ్మ గోళ్ళు అతని ముంజేతిలో దిగబడ్డాయి. ఆవిడ ఒళ్ళంతా కొయ్యబారిపోయింది.

“ఒరే!” అని అరవబోయాడు. నోరు తెరుచుకుంది గానీ అరుపు రాలేదు. ఆ మాట అనే హక్కు తనకి లేదని గొంతుకి ముందే తెలిసినట్టుంది. టీచరమ్మ అతని వైపు చూసింది. అక్క కూడా చూసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

“ఇవాళ్టికి చాలు” అంది టీచరమ్మ. వెనక్కి తిరిగారు.

అతను ఇప్పటికీ ఆ సైకిల్ మీదే పనికెళ్తాడు. ఆ మోకాళ్ళతో అంత దూరం నడవలేడు. కుర్రాళ్ళు దాటిపోతూ విసుక్కుంటారు. మొన్న బాట మీద ఒకావిడ చంటిపిల్లని బండిలో తోసుకుంటూ పోతోంది. చాలా దూరం నుంచే వేగం తగ్గించి, మెల్లగా బెల్లు కొట్టాడు. ఆ చిన్న చప్పుడుకే ఆవిడ గతుక్కుమని, బండిని గబగబా గడ్డిలోకి లాగేసి, “సారీ అండీ, సారీ” అంది.

అతను సైకిల్ దిగేశాడు. “మీరెందుకమ్మా సారీ చెప్పడం. వెళ్ళండి, మీరే ముందు వెళ్ళండి” అన్నాడు. ఆవిడ నమ్మలేనట్టు చూసి, బండిని మళ్ళీ బాట మీదకి ఎక్కించుకుంది. సైకిల్ నడిపించుకుంటూ, ఆమెకి ఎడంగా, గట్టు చివరిదాకా వెనకే నడిచాడు.