మిషను మీద పోసిన బిందె

పిచ్చమ్మ ఆత్మకూరు బస్సెక్కింది తప్పు ఒప్పుకోవడానికి. మర్రిపాడు అవతల వాళ్ల ఊళ్లో కంది చేలు నిలువునా మాడిపోయాయి. ముప్పై రోజులు వరసగా వాన పడకపోతే బీమా ఇస్తామన్నారు. రైతు కట్టాల్సిన వాటా బ్యాంకువాళ్లు లోనిచ్చేటప్పుడే పట్టుకున్నారు. నలభై రోజులు చినుకు లేదు. అయినా కంపెనీ రూపాయి ఇవ్వలేదు. ఇరవై మూడో రోజున వాన పడిందట. ఎక్కడయ్యా అంటే, ఊరి బయట కంచెలో నిలబెట్టిన వాన కొలిచే మిషనులో.

ఆ వాన పోసింది పిచ్చమ్మే. వానలు రాకుంటే అక్కడ రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుతారు, ప్రతి గడపలోనూ దాని మీద నీళ్లు పోస్తారు. ఆ రోజు ఊరేగింపు కంచె దాకా వచ్చింది. గవర్నమెంటు కూడా వాన కోసమే కదా దీన్ని పెట్టింది, దీనికెందుకు తక్కువ చేయాలనుకుని, మిషనుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నిండు బిందె గుమ్మరించింది మహాతల్లి. అందరూ దండం పెట్టుకున్నారు. తర్వాత వాళ్లే ఆమెను వేలెత్తి చూపారు. నలభై ఇళ్ల నోటికాడి కూడు తీశానన్న దిగులుతో ఆర్నెల్లుగా ఆమెకు ముద్ద దిగడం లేదు.

బీమా కంపెనీ ఆఫీసులో అధికారి రాజమోహన్‌కు జరిగిందంతా చెప్పింది. తనకు ఇవ్వకపోయినా ఫరవాలేదు, మిగతావాళ్లకు ఇమ్మని చేతులు జోడించింది. ఆయన ముఖం వెలిగిపోయింది. అబ్బో, ఏం మర్యాద! కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, గబగబా తానే కాగితం రాసి వేలిముద్ర వేయమన్నాడు.

అందులో ఏముందో చదివి పెట్టమని పక్క బెంచీ మీద కూర్చున్న గఫార్‌ను అడిగింది. ఉదయగిరి రైతు, ఆయనా కంది వేసి మునిగినవాడే. ఊరివాళ్లు మిషన్ను పాడు చేశారు కాబట్టి ఆ ఊళ్లో ఎవరికీ బీమా చెల్లదని రాసి ఉంది.

"వేలు పెట్టబాక అక్కా," అన్నాడు గఫార్. "మా మిషను మీద ఎవురూ బిందె పొయ్యలా. సున్నా చూపించింది. మాకూ రాలా. ప్రీమియంలో గవర్నమెంటు వాటా ఉండాది, అది కట్టలేదంట. ఖజానాలో డబ్బుల్లేవంట. అది కట్టేదాకా కంపెనీ ఎవురికీ ఇయ్యదు."

నిజమేనా అని రాజమోహన్‌ను అడిగింది. అదంతా పైవాళ్ల సంగతి, నీకెందుకన్నాడు ఆయన. ఈ కాగితం ఉంటే మీ ఊరి ఫైలు మూసేయొచ్చు, ప్రభుత్వానికి కూడా కొంత భారం తగ్గుతుందన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు ఆ మాట!

పిచ్చమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆర్నెల్లు ఊరంతా తిట్టిన తిట్లు ఎవరు పడాల్సినవి, ఎవరు పడ్డారు?

"మా వాటా మమ్మల్ని అడక్కుండానే లోనులో పట్టుకున్నారు. గవర్నమెంటు ఎగ్గొడితే పట్టుకునేవోడు లేడా? బిందె నేనే పోసినాను, కాదనను. నేను చేసింది చెప్పినాను సార్. మీరు చేసింది కూడా ఈ కాగితంలోనే రాయండి. అప్పుడేస్తాను వేలిముద్ర."

రాజమోహన్ పెన్ను జేబులో పెట్టుకుని, భోజనం వేళయింది, ఇక వెళ్లమన్నాడు. పిచ్చమ్మ కుర్చీలోంచి కదల్లేదు. గఫార్ బెంచీ లాక్కొచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.