పడవలెక్కొద్దు

రొయ్యలు తోలే ఐసు బండిలోకి మనిషిని ఎక్కిస్తుంటే నా కళ్ళతో చూశాను.

ఉదయం ఆరు కావస్తోంది. రొయ్యల ప్లాంటు వెనక గేటు దగ్గర కాంట్రాక్టరు మనుషులిద్దరు నీలం టార్పాలిన్ మూట మోస్తున్నారు. మూట చివర ఒక పాదం బయటికి జారింది. ఐసు నీళ్ళలో నాని నాని తెల్లబడిన పాదం, వేళ్ళ సందుల్లో పగుళ్ళు. రొయ్యలొలిచే ఆడవాళ్ళందరి పాదాలూ అంతే. కానీ దాని అంచున ఎర్రటి పారాణి ఉంది. ఆ పారాణి నాకు తెలుసు. రోజూ నా శనక్కాయల గంప ముందు ఆగే ఒడియా పిల్ల ఝునూది.

నేను కోతలరాయుణ్ణని మా కాలనీలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఒక రొయ్య నా పడవను కోడూరు నుంచి పులికాట్ దాకా ఈడ్చుకుపోతే, మీసం పట్టుకుని దాన్ని వెనక్కి తిప్పానని చెబుతుంటాను. ఆ రొయ్యకు కొంచెం కలిపానేమో. ఈ పాదానికి మాత్రం ఏమీ కలపలేదు.

మాది తోటపల్లి గూడూరు అవతల సముద్రపు ఒడ్డు. రొయ్యల చెరువులు తవ్వారు, తాగే నీళ్ళు ఉప్పయ్యాయి, వేట పడిపోయింది. ఊరు ఊరంతా లేచి నెల్లూరు అంచున ఈ కాలనీలో పడ్డాం. అప్పట్లో నెల్లూరంటే తెలుగు, ఉర్దూ, కాస్త అరవం. ఇప్పుడు మా వీధిలో ఒడియా, బెంగాలీ, అస్సామీ, సంతాలీ కూడా. ప్లాంటు ముందు ఉడకబెట్టిన శనక్కాయలమ్మే నేను 'ఉప్పు చాలా?' అని ఏడు భాషల్లో అడగగలను. ఎనిమిదోది రొయ్యల భాష. అది అందరికీ నేర్పను.

మనుషులు మారారు గానీ కాంట్రాక్టరు నరేంద్రబాబు మారలేదు. మా ఆడవాళ్ళు కాసేపు కూర్చోవడానికి బల్ల అడిగితే ఒడిశా నుంచి ఒక బస్సు దించాడు. ఒడిశా వాళ్ళు ఆదివారం సెలవడిగితే అస్సాం నుంచి ఇంకో బస్సు. దించిన వాళ్ళందరినీ ప్లాంటు మీది హాస్టల్లో పెట్టి, బయట తాళం. కొత్త ఊళ్ళో దారి తప్పుతారట! మాకేమో, వాళ్ళు మీ పని లాక్కున్నారని చెప్పాడు. మేమూ నమ్మాం.

గంప అక్కడే వదిలి ముందు గేటుకు పరుగెత్తాను. టోపీలు, గంబూట్లు పట్టుకుని రెండు వందల మంది ఆడవాళ్ళు షిఫ్టు వరసలో ఉన్నారు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"చావు పడిందో! పడవలెక్కొద్దో!"

మా ఊళ్ళో చావు పడితే, పూడ్చేదాకా ఏ పడవా నీళ్ళలో దిగదు. ఒడ్డు వెంట పరుగెడుతూ ఆ కబురు అరవడం మా ఇంటి పని. మా నాయన తర్వాత నాది. కాలనీకి వచ్చాక ఆ అరుపుతో పని పడలేదు.

వరసంతా గొల్లుమంది.

"పడవలేడుండాయి తాతా? నీ రొయ్య గానీ తోలుకోనొచ్చిందా?" అంది రోజారమణి. మా కాలనీ పిల్లే. నోరూ ధైర్యమూ సమానంగా ఉన్న పిల్ల.

"నవ్వొద్దు మే. ఝునూ పోయింది. ఐసు బండికెత్తతుండారు."

నవ్వు ఆగింది. అప్పుడు వినపడింది పైనుంచి. హాస్టల్ కిటికీ ఊచలు పట్టుకుని మినతి అరుస్తోంది. ఝునూ ఊరిపిల్ల.

"గ్యాస్ వచ్చింది అక్కా! తలుపు కొట్టినాం. చాలాసేపు కొట్టినాం. తాళం తీలేదు. ఝునూ తలుపు కాడే పడిపోయింది!"

తెల్లవారుజామున అమ్మోనియా గొట్టం పగిలింది. కింద కాపలావాడు ముక్కుకు తువ్వాలు కట్టుకుని పారిపోయాడు, తాళంచెవి జేబులోనే ఉంది. మిగతా అందరూ దగ్గుతూ బతికారు. ఝునూ బతకలేదు. గ్యాస్ తగ్గాక కాంట్రాక్టరు మనుషులు తలుపు తీసి, ఆమెను మోసుకుపోయి మళ్ళీ తాళం వేశారు.

"పాపమే," అంది వరసలోంచి కామమ్మ. నా ఈడుది, మా ఒడ్డుదే. "అయినా ఆ యమ్మి మన మనిషి గాదు గదా. చావుకట్టు మన ఊరోళ్ళకి. పదండి, బెల్లు కొట్టే యాళయింది."

"మన మనిషంటే ఎవురు పెద్దమ్మా?" రోజారమణి ఆమెకు అడ్డం తిరిగింది. "ఏడాది నించీ నీ పక్కన నిలబడి ఒలిచింది. నీ చేతులు కోసుకపోతే పటిక రాసింది ఎవురు?"

"రాసింది. కాదన్నానా? ఆళ్ళు రాకముందు నా కోడలు ఈడ పని చేసేది. అది ఇంట్లో కూసోనుంది. దానికి ఎవురు రాస్తారు?"

వరస రెండుగా చీలింది. కొందరు అటు, కొందరు ఇటు. గేటు లోపల నరేంద్రబాబు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఈ చీలికే అతని అసలు తాళం.

నా దగ్గర బోలెడు కథలున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. నిజం ఒక్కటే వచ్చింది.

"కామమ్మా, మీ ఆయన ఏడ తేలినాడు?"

ఆమె చేతిలోని గంబూట్ల వైపు చూసుకుంది.

"చెప్పు. వీళ్ళకి తెలీదు."

వరస వైపు తిరిగి చెప్పింది. "తుపానుకి పోయినాడు. పులికాట్ అవతల, అరవోళ్ళ ఒడ్డున తేలినాడు. ఆయన పేరు ఆళ్ళకి తెలీదు. ఏ ఊరో తెలీదు. మేం పోయిందాకా మూడు దినాలు..."



"మూడు దినాలు వాళ్ళేం చేసినారు?" అన్నాను.

"పడవలెక్కలే."

బెల్లు కొట్టారు. ఎవరూ కదల్లేదు. వెనక సందులోంచి ఐసు బండి మలుపు తిరిగి రోడ్డు మీదికి వచ్చింది. కామమ్మ గంబూట్లు కింద పెట్టి, నడిచివెళ్ళి బండి ముందు కూర్చుంది. చక్రానికి జానెడు దూరం. ఆమె పక్కన రోజారమణి. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో నేను చెప్పలేను. రోడ్డు నిండిపోయింది.

నరేంద్రబాబు బయటికి వచ్చాడు. "కామమ్మక్కా, బస్సులో దిగినోళ్ళ కోసం నీ పొట్ట కొట్టుకుంటావా? జొరమొచ్చి పోయింది ఆ పిల్ల. ఊరికి పంపిస్తుండా గదా."

కామమ్మ కూర్చున్నచోటి నుంచే అంది, "జొరమైతే డాక్టరు కోసి చూడనీ. ఆ యమ్మి వాళ్ళు వచ్చిందాకా బండి కదలదు. ఆ తాళం ఇంక ఏ తలుపుకీ పడదు."

"రేపే ఇంకో బస్సు దించుతా!"

"దించు సామీ," అంది రోజారమణి. "దిగినోళ్ళకి ఝునూ సంగతి మేమే చెప్తాం."

ఐసు కొట్టే సుత్తి ఎవరు తెచ్చారో! రోజారమణి హాస్టల్ మెట్లెక్కి నాలుగు దెబ్బలు వేసింది. ఐదో దెబ్బకు తాళం ఊడింది. ఒడియా, అస్సామీ, సంతాలీ పిల్లలు దగ్గుకుంటూ దిగి వచ్చి, ఏ మాటా అడక్కుండా మా ఆడవాళ్ళ మధ్య కూర్చున్నారు. మినతి తలను కామమ్మ తన ఒళ్ళో పెట్టుకుంది.

జీపు వచ్చింది. "ఎవడ్రా మొదట అరిచింది?" అన్నాడు ఎస్సై.

"నేనే సారూ. మూడు వందల పడవలు ఆపినా."

"సార్, వాడు పుట్టు అబద్ధీకుడు!" అన్నాడు నరేంద్రబాబు. అతని నోట నేను విన్న మొదటి నిజం అది.

నన్ను జీపెక్కించారు. వెనక మినతి లేచి నిలబడింది. కొండల్లో పుట్టిన పిల్ల, ఇంతవరకు సముద్రం మొహం చూడలేదు. అయినా గొంతెత్తింది.

"పడబలెక్కొద్దో!"

ఆ పిల్ల చేతిలో ఫోను వీడియో తీస్తోంది.

జీపు వెంకటాచలం వైపు తిరిగింది. రెండు మైళ్ళ అవతల ఇంకో ప్లాంటు. దాని గేటు ముందు కూడా ఆడవాళ్ళ వరస. ఒకామె చేతిలో ఫోను పెద్దగా అరుస్తోంది, ఒడియా యాసలో, మా నాయన మాట. చూస్తుండగానే గంబూట్లు ఒక్కొక్క జతే కిందికి దిగాయి. ఒక్క కాలూ గేటు దాటలేదు.

డ్రైవరు బండి నెమ్మది చేసి నా వైపు తిరిగాడు. "ఏంది తాతా ఈ పడవల గోల? ఈడ సముద్రమేడుండాది?"

"వస్తుండాది నాయనా," అన్నాను.